మూడో తరగతి గదిలో ఒకటో తరగతి పిల్లలు

2021 డిసెంబరు 16న తెలంగాణ ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. రాసినవాళ్లు నాలుగున్నర లక్షల పైచిలుకు. గట్టెక్కినవాళ్లు 49 శాతం. ఆ తర్వాతి రోజుల్లో కొందరు పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఇంటర్ బోర్డు ముందు ధర్నాలు జరిగాయి. డిసెంబరు 24న ప్రభుత్వం దిగివచ్చి, తప్పినవాళ్లందరికీ కనీస మార్కులు 35 వేసి పాస్ చేస్తున్నట్టు ప్రకటించింది. సగం మందికి చదువు రాలేదని చెప్పిన వ్యవస్థే, వారం తిరిగేసరికి అందరికీ వచ్చిందంది.

ఆ పిల్లలు ఎక్కడి నుంచి నడిచి వచ్చారో ఒకసారి చూడండి. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదలుపెట్టి మూడు పేపర్లు రాశారు. మిగతావి కరోనాతో ముందు వాయిదా పడి, తర్వాత రద్దయ్యాయి. బడిలో అంతకుముందు వేసిన ఇంటర్నల్ మార్కుల్ని బట్టి గ్రేడ్లు ఇచ్చారు. ఇంటర్లో చేరాక పాఠాలు టీవీలో, ఫోనులో. 2021 ఫిబ్రవరి 1న కాలేజీ గేటు తెరుచుకుంది, మార్చి 24 నుంచి మళ్లీ మూతపడింది. పరీక్ష లేకుండానే రెండో ఏడాదిలోకి పంపారు. రెండో ఏడాది పుస్తకాలు తెరిచి కుదుటపడుతున్న సమయంలో, అక్టోబరు 25 నుంచి మొదటి ఏడాది పరీక్షలు రాయాలన్నారు. అంతకుముందు వాళ్లు హాలులో కూర్చుని కలం పట్టి రాసిన పెద్ద పరీక్ష ఏదంటే, పదో తరగతిలోని ఆ మూడు పేపర్లే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే దెబ్బ 2022 జూన్‌లో తగిలింది. పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం. కరోనాకు ముందు, 2019లో, అది 94.88. అదే వేసవిలో తెలంగాణ పదో తరగతిలో మాత్రం 90 శాతం పాసయ్యారు. అక్కడ సిలబస్ 70 శాతానికి తగ్గించారు, 11 పేపర్లను ఆరు చేశారు, ఛాయిస్ పెంచారు. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, పాస్ శాతం పిల్లల చదువు గురించి చెప్పేదానికన్నా పేపరు పెట్టిన తీరు గురించి చెప్పేదే ఎక్కువని తెలుస్తుంది. కాబట్టి ఫలితాల్ని పక్కనపెట్టి తరగతి గదిలోకి వెళ్దాం.

బడులు తెరిచాక స్టాఫ్ రూముల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ ఎక్కువగా వినిపించిన మాట ఒకటే: "ఫోనుకు అలవాటుపడి పాడైపోయారు." అందులో నిజం లేకపోలేదు. ఏడాదిన్నర పాటు పొద్దున తొమ్మిదికి నిద్రలేచి, మంచం మీదే పాఠం విన్న పిల్లవాడికి అసెంబ్లీ గంట కొత్తగానే ఉంటుంది. కానీ నిద్రవేళ, బల్లమీద కూర్చునే ఓపిక, యూనిఫాం వంటివి రెండు మూడు వారాల్లో సర్దుకునేవే. పిల్లవాడు కుదురుగా ఉండకపోవడానికీ, రాయమంటే పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకోవడానికీ, నెల తిరక్కుండానే కడుపునొప్పి అని డుమ్మా కొట్టడానికీ పెద్ద కారణం వేరే ఉంది. బోర్డు మీద జరుగుతున్నది అతనికి అందడం లేదు. క్రమశిక్షణ తప్పిందనుకుంటే దానికి వాడే మందు ఒకటి. చదువు ఆగిన చోటుకూ పాఠం తిరిగి మొదలైన చోటుకూ మధ్య దూరం ఏర్పడిందనుకుంటే మందు వేరు. మన బడులు చాలావరకు మొదటి మందే వాడాయి.

ఈ దూరం ఎంతో తెలియాలంటే ఒక బ్యాచ్‌ని పట్టుకోవాలి. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లల్ని తీసుకుందాం. తెలంగాణలో ఆ ఏడాది ప్రాథమిక తరగతులు ఒక్కరోజు కూడా తెరుచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి 1న తెరిచారు, ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చి మూసేశారు. మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు మొదలైనప్పుడు ఈ పిల్లల పేర్లు రెండో తరగతి హాజరు పట్టీలో ఉన్నాయి. తెలంగాణలో చాలామందికి బడి గడప తొక్కడం అదే మొదటిసారి. 2022 జనవరిలో తెలంగాణలో సంక్రాంతి సెలవుల్ని ఒమిక్రాన్ భయంతో నెలాఖరు దాకా పొడిగించారు. ఆ కోతలన్నీ పోగా మిగిలిన కొన్ని నెలల రెండో తరగతి చదువుతో, వేసవి సెలవుల తర్వాత వాళ్లు మూడో తరగతికి వచ్చారు.

ఆ ఏడాది వర్షాకాలం చివర్లో 'అసర్' సర్వే వాళ్లు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగారు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో ఏళ్లుగా నడుస్తున్న సర్వే ఇది. వాళ్ల పద్ధతి చాలా సాదా. పిల్లల ముందు ఒక కాగితం పెడతారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ ఉంటాయి. పిల్లవాడు వీటిలో దేన్ని తడబడకుండా చదవగలడన్నది చూస్తారు, అంతే. 2018లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో 27.3 శాతం మంది ఆ కథ చదివారు. 2022లో అది 20.5కి పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి, తెలంగాణలో 18.1 నుంచి 5.2కి తగ్గింది. అంటే తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి గదిలో ఇరవై మంది కూర్చుని ఉంటే, రెండో తరగతి కథ చదవగలిగింది ఒక్కరు.

చదవడం రావడం అంటే ఏమిటో తెలుగు పిల్లల వైపు నుంచి కాస్త చూడాలి. అక్షరమాల గుర్తుపట్టడంతో మన లిపి పని అయిపోదు. 'క' వచ్చాక కా, కి, కీ, కు, కూ అని గుణింతమంతా రావాలి. ప్రతి హల్లుకూ అంతే. అక్కడితోనూ ఆగదు, ఒత్తులు రావాలి. 'గడ్డి' తేలిక, ఎందుకంటే డ కింద డ ఒత్తే. 'చక్రం', 'పద్యం' దగ్గరికి వచ్చేసరికి ఒత్తు ఆకారానికీ అసలు అక్షరానికీ పోలికే ఉండదు. ఒకటో తరగతి మొదట్నుంచి రెండో తరగతి చివరి దాకా, రోజూ కాస్త కాస్తగా, పలక మీదో నోట్సులోనో చేయి అరిగేలా దిద్దితే గానీ ఇది పట్టుబడదు.

పట్టుబడటం అంటే ఆలోచించకుండా నోటికి రావడం. అసలు మెలిక ఇక్కడే ఉంది. 'రా... మ... య్య... పొ... లా... ని... కి' అని కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. మనసులో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేది కొంచెమే. ఆ కొంచెమూ అక్షరాల్ని పోల్చుకోవడానికే ఖర్చయిపోతే అర్థానికి మిగిలేది ఉండదు. అటువంటి పిల్లవాడికి పరిసరాల విజ్ఞానం పాఠం రాదు. లెక్కల పుస్తకంలో 'రాము దగ్గర 42 మామిడికాయలు ఉన్నాయి' అనే లెక్కా రాదు. తీసివేత రాక కాదు, ప్రశ్న చదవలేక. టీచరు మాత్రం "వీడు లెక్కల్లో వీక్" అని రాసుకుంటుంది.

పెద్ద పిల్లల్లో నష్టం ఇంకో రూపంలో ఉంది. వాళ్లకు వచ్చినవి కూడా పోయాయి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021 జనవరిలో కర్ణాటక, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరాఖండ్‌లలోని ప్రభుత్వ బడుల్లో 16,067 మంది పిల్లల్ని పరిశీలించింది. రెండో తరగతి నుంచి ఆరో తరగతి వరకు చదువుతున్నవాళ్లు. అంతకుముందు ఏడాది వచ్చిన భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకదాన్ని మరిచిపోయినవాళ్లు 92 శాతం, లెక్కల్లో అలా మరిచిపోయినవాళ్లు 82 శాతం. ఇది చెప్పని పాఠం కాదు, చెప్పాక జారిపోయిన పాఠం. వేసవి సెలవుల్లో కొంత జారడం ఏటా ఉండేదే. జూన్‌లో మొదటి రెండు వారాలు పాతపాఠాలు తిరగేయించి టీచర్లు దాన్ని పూడ్చుకుంటారు. ఏడాదిన్నర జారుడుకు రెండు వారాల మందు చాలదని వేరే చెప్పాలా?

ఇక్కడ ఎవరైనా అడుగుతారు: మరి ఆన్‌లైన్ పాఠాలు జరిగాయి కదా? జరిగాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ప్రసారం చేసింది. ప్రైవేటు బడులు జూమ్ పెట్టాయి. కొందరు టీచర్లు ఊళ్లలో రచ్చబండల దగ్గర, గుడి అరుగుల మీద పిల్లల్ని కూర్చోబెట్టి సొంతంగా చెప్పారు. వాళ్ల శ్రమను తక్కువ చేయలేం. అయితే అందింది ఎందరికి? 2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేదింటి పిల్లల్ని కలిశారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్లో చదువుతున్నవాళ్లు 8 శాతమే. అసలేమీ చదవనివాళ్లు 37 శాతం. ఇంట్లో ఫోను ఒకటే ఉంటే అది పొద్దున్నే నాన్నతోపాటు పనికి వెళ్లిపోతుంది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి చార్జింగూ ఉండదు, డేటా కూడా అయిపోయి ఉంటుంది.

పరికరం లేకపోవడమే కారణమైతే పరికరం ఇస్తే సరిపోయేది. అది కాదనడానికి నెదర్లాండ్స్ మంచి సాక్ష్యం. అక్కడ దాదాపు ప్రతి ఇంటికీ వేగమైన ఇంటర్నెట్ ఉంది. మొదటి వేవ్‌లో బడులు మూసింది ఎనిమిది వారాలే. అయినా ఆ ఎనిమిది వారాల్లో ప్రాథమిక బడి పిల్లలు ఇంట్లో నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదని పరీక్షలు చూపించాయి. తక్కువ చదువుకున్న తల్లిదండ్రుల పిల్లల్లో నష్టం ఇంకా ఎక్కువ.

తెర మీద పాఠం వెళ్తుంది గానీ తిరిగి ఏమీ రాదు. తరగతి గదిలో టీచరు పాఠం చెబుతూ నలభై పలకల్ని చూస్తుంది. మూడో వరుసలో ఉన్న అమ్మాయి 'ఘ' రాయబోయి 'ఖ' రాసిందని అరక్షణంలో పసిగడుతుంది. అక్కడే దిద్దుతుంది. వెనక బెంచీలో ఇద్దరి మొహాలు తెల్లబోతే ఇంకోసారి చెబుతుంది. జూమ్‌లో మొహాలు నల్ల గడుల్లోకి వెళ్లిపోయాయి, మైకులు మ్యూట్‌లో ఉన్నాయి. హోంవర్కు వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది, అది ఎవరు రాశారో ఆ ఇంటివాళ్లకే తెలుసు. టీవీ పాఠానికైతే ఆ మాత్రం తిరుగుదారి కూడా లేదు. చిన్నపిల్లలు నేర్చుకునేది చెప్పింది విని కాదు, తప్పు చేసి, ఆ తప్పు పక్కన ఎవరో ఉండి దిద్దితే. ఆ దిద్దే చేయి ఏడాదిన్నర పాటు లేదు. పెద్దవాళ్లలోనూ ఇంతే. ఇంజినీరింగ్ కుర్రాళ్లు మొదటి ఏడాది ల్యాబులు వీడియోల్లో చూసి, రెండో ఏడాదిలో కాలేజీకి వచ్చాక లేత్ మిషను ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు.

పాఠం ఆగిపోవడం ఒక నష్టం. తిరిగి మొదలుపెట్టిన పద్ధతి దానికన్నా పెద్ద నష్టం తెస్తుందని మనకు కరోనాకు ముందే తెలిసి ఉండాల్సింది. 2005 అక్టోబరులో ఉత్తర పాకిస్తాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. దానికి దగ్గర్లోని ఊళ్లలో బడులు సగటున 14 వారాలు నడవలేదు. నాలుగేళ్ల తర్వాత తాహిర్ అంద్రాబీ, బెంజమిన్ డేనియల్స్, జిష్ణు దాస్ అనే పరిశోధకులు ఆ పిల్లల్ని పరీక్షించి చూశారు. ఇళ్లు కట్టుకున్నారు, రోడ్లు పడ్డాయి, సాయం అందింది, బడి వయసు పిల్లల ఎత్తూ బరువూ కూడా తగ్గలేదు. చదువులో మాత్రం దూరపు ఊళ్ల పిల్లలకన్నా ఏడాదిన్నర చదువంత వెనకబడి ఉన్నారు. పోయింది 14 వారాలు, తేలిన లోటు ఏడాదిన్నర. బడులు తెరిచాక పాఠాలు పిల్లల కోసం వెనక్కి వెళ్లలేదన్నదే దీనికి ఎక్కువగా చెప్పే వివరణ. కదిలిపోయిన బస్సు వెనక పరిగెత్తేవాడికీ బస్సుకూ మధ్య దూరం తగ్గదు సరికదా, మలుపు మలుపుకీ పెరుగుతుంది.

మనం చేసిందీ అదే. 2021 సెప్టెంబరులో రెండో తరగతిలో కూర్చున్న పిల్లల ముందు రెండో తరగతి పుస్తకమే పెట్టాం. 'బ్రిడ్జి కోర్సు' అన్న పేరుతో కొన్ని వారాలు గడిచాయి. తర్వాత ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు వాటి తేదీలకు అవి వచ్చాయి. సిలబస్ తగ్గించారు కదా అంటారేమో. ముప్పై శాతం పాఠాలు తీసేస్తే మిగిలిన డెబ్బై శాతం చదవగలిగే పిల్లవాడికి ఊరట. చదవడమే రానివాడికి ఏడు పాఠాలున్నా పదున్నా ఒకటే. ఇందులో టీచర్లను తప్పుపట్టడం తేలిక, కానీ అన్యాయం. సిలబస్ ఎంతవరకు అయిందని అడిగే అధికారులున్నారు. ఇరవై మందిలో ఎందరు కథ చదవగలరని అడిగేవాళ్లు ఆరోజుల్లో దాదాపు లేరు.

దీనికి తోడు ఇంకో మార్పు అదే సమయంలో నెత్తిన పడింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఆ దారిలోకి ముందే దిగింది. ఇంగ్లీషు మీడియం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ అక్కర్లేదు. కానీ సమయం చూడండి. తెలుగు పేజీ చదవలేని పిల్లవాడికి ఎదురుగా ఇంగ్లీషు పేజీ తెరిచాం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచింది. బడి తిరిగి వచ్చాక తెర కూడా మళ్లీ వచ్చిందన్నమాట. దిద్దే చేయి కొరతను తెరతో తీర్చవచ్చన్న నమ్మకం మనకు ఇంత త్వరగా ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇక శరీరం సంగతి. దీన్ని అందరూ తేలిగ్గా తీసేశారు. రాయడం చేతిపని. ఏడాదిన్నర పాటు బిట్లకు టిక్కులు పెట్టి, గూగుల్ ఫారంలో బటన్ నొక్కిన చేతికి మూడు గంటలు ఆగకుండా రాయడం నొప్పి. చాలామంది ఇంటర్ పిల్లలు జవాబు తెలిసి కూడా టైము చాలక పేపరు వదిలేశామన్నారు. అది సాకు కాదు. రాత వేగం సాధనతో వస్తుంది, సాధన ఆగితే తగ్గుతుంది. చిన్న తరగతుల్లో పెన్సిలు పట్టే తీరే నిలదొక్కుకోలేదు. పైగా బడులు తెరిచాక కూడా మాస్కుల వెనక టీచరు పెదవుల కదలిక కనిపించక, ప-త, బ-ద ధ్వనుల తేడా పట్టుకోవడం చిన్నవాళ్లకు ఇంకా కష్టమైంది.

కళ్ల సంగతి వేరే చెప్పాలి. చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతంలో ఫైచెంగ్ బడుల్లో ఏటా పిల్లల చూపు పరీక్షిస్తారు. ఆరేళ్ల పిల్లల్లో దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టి 2015-2019 మధ్య ఏ ఏడూ 5.7 శాతం దాటలేదు. 2020లో, నెలల పాటు ఇళ్లలో ఉన్నాక, అది 21.5 శాతం. ఆరుబయట పగటి వెలుతురులో గడపకపోవడం, రోజంతా దగ్గరి తెర చూడడం ఇందుకు కారణాలని కంటి వైద్యులు చెబుతారు. ఆ వయసులో పిల్లలు "నాకు సరిగ్గా కనపడటం లేదు" అని చెప్పరు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. కాబట్టి బోర్డు చూసి రాసుకోవడం లేదని ఓ పిల్లవాడిని తిట్టే ముందు ఒకసారి కళ్ల పరీక్ష చేయించాలి. బడి మార్చడంకన్నా, ట్యూషన్ పెట్టడంకన్నా చవకైన పని ఇది.

తోటివాళ్ల మధ్య ఉండటం కూడా నేర్చుకోవాల్సిందే. ఏ గదిలోనైనా పిల్లవాడు సందేహం వస్తే ముందు టీచరును అడగడు, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి అడుగుతాడు. సగం చదువు ఆ గుసగుసల్లోనే జరుగుతుంది. ఆన్‌లైన్ తరగతిలో పక్కవాడు లేడు. తిరిగి వచ్చాక చాలా గదుల్లో కనిపించిన మౌనం బుద్ధిమంతుల మౌనం కాదు, అడగడం మరిచిపోయినవాళ్లది. మరికొన్ని గదుల్లో దీనికి తలకిందులుగా, చిన్నచిన్నవాటికే కొట్లాటలు. వంతు ఆగడం, ఓడిపోయి ఆట కొనసాగించడం, మధ్యాహ్న భోజనం లైన్లో తోసుకోకుండా నిలబడటం వంటివి పుస్తకంలో ఉండవు, వయసుతో వాటంతటవే రావు.

అసలు తిరిగి రానివాళ్లు ఉన్నారు. గద్వాల, కర్నూలు వైపు విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ (చేత్తో పరాగసంపర్కం చేసే) పనికి పిల్లల చిన్న వేళ్లను వాడుకోవడం పాత సమస్య. బడి మూతపడితే ఆ దారి ఇంకా తేలికవుతుంది. రోజుకూలి చేతికొచ్చిన పద్నాలుగేళ్లవాడిని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడం బడిబాట ర్యాలీతో అయ్యేపని కాదు. కొందరు ఆడపిల్లలైతే పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఇంకోవైపు ఫీజులు కట్టలేక ప్రైవేటు బడుల నుంచి సర్కారు బడులకు పిల్లలు తరలివచ్చారు. అసర్ లెక్కల ప్రకారం దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల గ్రామీణ పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో చేరినవాళ్లు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం. గదులు అవే, టీచర్లు వాళ్లే, పిల్లలు ఎక్కువ. అటు ప్రైవేటు టీచర్లు జీతాల్లేక కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. వాళ్లలో కొందరు మళ్లీ చాక్‌పీసు పట్టలేదు.

ఇంత చెప్పాక, కోలుకోవడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. దానికి సాక్ష్యం పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు 2021 అక్టోబరులో 'ఇల్లం తేడి కల్వి' అనే పథకం మొదలుపెట్టింది. చదువే ఇంటిని వెతుక్కుంటూ రావడమన్నది దాని ఉద్దేశం. ఊళ్లోని చదువుకున్న యువతులు ఎక్కువగా, దాదాపు రెండు లక్షల మంది వాలంటీర్లు, సాయంత్రం గంటా గంటన్నర చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు, ఆటలు, చదవడం, లెక్కలు చేయించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, మౌరీసియో రొమేరో అక్కడి పల్లెల్లో దాదాపు 19 వేల మంది పిల్లల్ని వరుసగా పరీక్షించారు. బడులు తెరిచిన ఆరు నెలల్లోనే, ఏర్పడిన లోటులో మూడింట రెండొంతులు పూడింది. ఆ పూడికలో నాలుగో వంతు వరకు ఈ సాయంత్రపు చదువుల పుణ్యమేనని వాళ్ల లెక్క. లోటు ఎక్కువ ఉన్న పేదింటి పిల్లలే దీనివల్ల ఎక్కువ లాభపడ్డారు.

అక్కడ పనిచేసింది పిల్లవాడు ఉన్న చోటుకు పాఠం వెళ్లడం. ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని ఎప్పట్నుంచో వాడుతోంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని రోజూ ఓ గంట, రెండు గంటలు తరగతి పేరు పక్కనపెట్టి, అక్షరాలు మాత్రమే వచ్చినవాళ్లు ఒకచోట, పదాలు వచ్చినవాళ్లు ఒకచోట, కథ చదివేవాళ్లు మరోచోట కూర్చోబెడతారు. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పద్ధతిని ఏళ్ల తరబడి పరిశీలించి ఫలితమిస్తుందని తేల్చారు. తెలంగాణ 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదు తరగతులకు 'తొలిమెట్టు' పేరుతో చదవడం, రాయడం, లెక్కల పునాదుల మీద కార్యక్రమం తెచ్చింది. ఆలోచన సరైనదే. బడులు తెరిచిన ఏడాదికి వచ్చింది, అదే బాధ.

ఇంట్లో ఏం చేయాలని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇది. మార్కుల కార్డు పక్కన పెట్టి, రెండో తరగతి తెలుగు వాచకంలో ఓ పేజీ తెరిచి పిల్లవాడి చేత గట్టిగా చదివించండి. మూడో తరగతిలో ఉన్నా, ఆరులో ఉన్నా సరే. ఎక్కడ ఆగుతున్నాడో వినండి. ఒత్తుల దగ్గరా? దీర్ఘాల దగ్గరా? వాక్యం సాఫీగా చదివి, ఏమర్థమైందంటే తెల్లమొహం వేస్తున్నాడా? ఆగిన చోటు తెలిస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. లెక్కల్లో అయితే పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని చేసే తీసివేత ఒకటి ఇచ్చి చూడండి. ఇంత పెద్దవాడివి ఇది రాదా అని మాత్రం అనొద్దు. అలా అన్న మరుక్షణం దాచుకోవడం మొదలవుతుంది, ఆ తర్వాత దేనికీ పట్టుబడడు. మీకు చదువు రాకపోతే అక్కతోనో, పక్కింటి డిగ్రీ అమ్మాయితోనో చేయించండి. రోజూ పావుగంట గట్టిగా చదవడం ఖరీదైన ట్యూషన్‌కన్నా ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ట్యూషన్‌లోనూ మొదలుపెట్టేది రేపటి హోంవర్కుతోనే.

2024లో అసర్ మళ్లీ తిరిగింది. 2022లో దేశవ్యాప్తంగా మూడో తరగతిలో 20.5 శాతమే కథ చదివిన ఆ బ్యాచ్ ఈసారి ఐదో తరగతిలో దొరికింది. వాళ్లలో 48.8 శాతం చదివారు. 2018 నాటి ఐదో తరగతి అంకె 50.5. అంటే దేశం మొత్తం మీద ఆ పిల్లలు కరోనాకు ముందున్న రేవుకు దాదాపు చేరుకున్నారు. కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ వంటివి, రాష్ట్రాల కార్యక్రమాలు, అన్నిటికన్నా టీచర్ల పాటు ఇందులో ఉన్నాయి. సంతోషించాల్సిందే. అయితే ఆ రేవు ఎటువంటిదో కూడా చూడాలి. ఐదో తరగతిలో సగం మందికి రెండో తరగతి కథ రాని స్థితి అది. తెలంగాణలో 2018 నాటి మూడో తరగతి అంకె 18.1 శాతమేనని మరవకూడదు. కరోనా ఈ దూరాన్ని కొత్తగా పుట్టించలేదు. ఎప్పట్నుంచో ఉన్నదాన్ని, వెనక బెంచీలకే పరిమితమైనదాన్ని, ముందు బెంచీల దాకా తెచ్చింది. మళ్లీ పాతస్థితికి చేరామని చేతులు దులుపుకుంటే అది మళ్లీ వెనక బెంచీలకు వెళ్లిపోతుంది, అంతే.

ఆ బ్యాచ్ పదో తరగతి పరీక్షలు రాయాల్సింది 2030 మార్చిలో. ఐదో తరగతి అయ్యాక ఎక్కువమంది ప్రాథమిక బడి వదిలి హైస్కూలుకు వెళ్తారు. అక్కడ తెలుగుకో సారు, లెక్కలకో మేడం, సైన్సుకో సారు ఉంటారు. నలభై అయిదు నిమిషాల ఆ పీరియడ్లలో గుణింతాలు నేర్పడం ఎవరి టైంటేబుల్‌లోనూ లేదు.